ఏడింటికొచ్చే దొంగ... తెరమీద దొరికాడు!

దూరదర్శన్ ఒక్కటే దిక్కయిన రోజులు గుర్తున్నాయా? ఆదివారం సాయంత్రం సినిమా మంచి రసపట్టులో ఉంటుంది. సరిగ్గా అప్పుడే వీధిలోంచి ఓ స్కూటర్ వెళుతుంది. అంతే... తెరనిండా చుక్కలూ గీతలూ. స్కూటర్ మలుపు తిరిగాక మళ్లీ బొమ్మ. వంటింట్లో అమ్మ మిక్సీ వేసినా అదే గోల. 'కాసేపు ఆపవే' అని హాల్లోంచి నాన్న కేక. ఆ రోజుల్లో బొమ్మ పాడుచేసేదెవరో కనిపెట్టడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. చప్పుడే పట్టించేది.

ఇప్పుడు టీవీ మీద ఆ గీతల్లేవు. కానీ ఆ గోల పోలేదు, రూపు మార్చుకుంది. అబ్బాయి ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే వై-ఫై ఆగిపోతుంది. అమెరికాలో ఉన్న అమ్మాయితో వీడియోకాల్ మాట్లాడుతుంటే మొహం చతురస్రాలుగా విడిపోతుంది. ఫోన్‌లో చూస్తే సిగ్నల్ గీతలన్నీ నిండుగానే ఉంటాయి! నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే 'మా వైపు అంతా బాగానే ఉందండీ' అంటారు. రూటర్ మారుస్తాం, కేబుల్ మారుస్తాం, చివరికి కంపెనీనే మారుస్తాం. ఆ గోల మాత్రం మారదు. ఎందుకంటే ఈ దొంగ చప్పుడు చేయడు. కంటికి కనిపించడు. అతణ్ని చూడాలంటే గాలిలో తిరిగే రేడియో తరంగాల్ని బొమ్మగీసి చూపించే పరికరం కావాలి. దానిపేరే స్పెక్ట్రమ్ ఎనలైజర్. ఒకప్పుడు ప్రయోగశాలలో బల్లంత చోటు ఆక్రమించిన ఈ పెట్టె ఇప్పుడు చేతిలో ఇమిడిపోతోంది. అదేం చేయగలదో తెలియాలంటే ముందు బ్రిటన్‌లోని ఓ కొండపల్లెకి వెళ్లాలి.

వానలో... ఆరింటికి!

వేల్స్ ప్రాంతంలోని ఆ పల్లెపేరు అబర్‌హోసన్. అక్కడ ఏడాదిన్నరపాటు ఓ వింత జరిగింది. రోజూ ఉదయం 7 గంటలయ్యేసరికి ఊరంతటికీ బ్రాడ్‌బ్యాండ్ మొరాయించేది. లైన్ల నిర్వహణ చూసే ఓపెన్‌రీచ్ సంస్థ ఇంజినీర్లు మళ్లీమళ్లీ వచ్చారు. పరీక్షలన్నీ చేశారు. ఏ తప్పూ కనిపించలేదు. చాలాచోట్ల పాత కేబుళ్లు తీసేసి కొత్తవి వేశారు. అయినా మర్నాడు ఏడింటికి షరా మామూలే.

ఇక లాభం లేదని వేరే ప్రాంతం నుంచి ప్రత్యేక బృందాన్ని దించారు. తప్పు తీగల్లో కాదు, బయటి నుంచి ఏదో రేడియో గోల తీగల్లోకి చొరబడుతోందేమోనని వాళ్ల అనుమానం. ఉదయం 6 గంటలకి, జోరువానలో స్పెక్ట్రమ్ ఎనలైజర్ చేతబట్టుకుని ఊరి వీధుల్లో అటూఇటూ తిరిగారు. గడియారం ఏడు కొట్టింది. అంతవరకూ ప్రశాంతంగా ఉన్న తెరమీద ఒక్కసారిగా పెద్ద విద్యుత్ గోల ఎగసింది. ఆ గోల ఎటు వెళితే పెరుగుతోందో చూసుకుంటూ వెళ్లి ఓ ఇంటి ముందు ఆగారు. తలుపు తట్టారు.

లోపల ఉన్నది ఓ పాత టీవీ. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. ఆ ఇంటివాళ్లు రోజూ పొద్దున్నే ఏడింటికి దాన్ని ఆన్ చేసేవారు. చేసిన ప్రతిసారీ అది బలమైన విద్యుత్ తరంగాల్ని వెదజల్లేది. ఊళ్లోని రాగితీగలు వాటిని యాంటెన్నాల్లా పట్టుకునేవి. బ్రాడ్‌బ్యాండ్ సంకేతాలు ఆ గోలలో మునిగిపోయేవి. తమ టీవీయే కారణమని తెలిసి ఆ ఇంటివాళ్లు సిగ్గుతో చితికిపోయారట. వెంటనే దాన్ని కట్టేశారు, మళ్లీ ఆన్ చేయబోమని మాటిచ్చారు. ఊరి బాధ తీరింది. 2020 సెప్టెంబరులో ఓపెన్‌రీచ్ ఈ సంగతిని బయటపెట్టింది, ఆ ఇంటివాళ్ల పేరు మాత్రం చెప్పకుండా!

ఏడాదిన్నర శ్రమా, కొత్త కేబుళ్లూ తేల్చలేని సంగతిని చేతిలోని ఓ పెట్టె ఒక్క పూటలో తేల్చింది. ఎలా?

రేడియో ముల్లు తిప్పినట్టే...

పాతకాలపు రేడియోలో స్టేషన్ కోసం ముల్లు తిప్పడం గుర్తుందిగా! ఒకచోట వివిధభారతి, కాస్త జరిపితే మరో స్టేషన్, మధ్యలో వట్టి గుర్రుమనే శబ్దం. రేడియో ఒక సమయంలో ఒకచోటే వింటుంది. స్పెక్ట్రమ్ ఎనలైజర్ కూడా రేడియోయే. కాకపోతే ముల్లుని ఆ చివర నుంచి ఈ చివరికి గబగబా తిప్పుతూనే ఉంటుంది. ఎక్కడ ఎంత బలమైన సంకేతం తగిలిందో తెరమీద గీస్తుంది. అడ్డంగా చూస్తే ఫ్రీక్వెన్సీ, నిలువుగా చూస్తే బలం. ఖాళీగా ఉన్నచోట నేలమీద గడ్డిలా చిన్నచిన్న గీతలుంటాయి. ఎవరైనా ప్రసారం చేస్తున్నచోట కొండలా లేస్తుంది.

బలాన్ని 'డీబీఎం'లలో చెబుతారు. సున్నా అంటే ఒక మిల్లీవాట్. మైనస్ 30 అంటే అందులో వెయ్యోవంతు. మైనస్ 60 అంటే పది లక్షలవంతు. ప్రతి పది అంకెలకీ పదిరెట్లు తేడా. రూటర్ దగ్గర్లో వై-ఫై సంకేతం మైనస్ 40 ఉందనుకోండి, రెండు గోడల అవతల పడగ్గదిలో మైనస్ 70 ఉందనుకోండి... రెంటికీ తేడా వెయ్యిరెట్లు! అంత పలచబడిన సంకేతాన్ని ముంచేయడానికి చిన్నపాటి గోల చాలు.

ఫోన్‌లో ఉచితంగా దొరికే వై-ఫై యాప్‌లు చాలవా అంటే, సగం పనికే చాలతాయి. చుట్టుపక్కల ఎన్ని రూటర్లున్నాయో, ఏ ఛానెల్లో ఉన్నాయో అవి చూపిస్తాయి. కానీ వాటికి వై-ఫై భాష ఒక్కటే తెలుసు. ఓవెన్ నుంచి వచ్చే గోలకి పేరూ ఉండదు, ఊరూ ఉండదు. కాబట్టి యాప్‌కి అది కనిపించదు. ఎనలైజర్‌కి భాషతో పనిలేదు. గాలిలో శక్తి ఉందంటే గీసేస్తుంది.

ఎవరి వేలిముద్ర వాళ్లది

మన ఇళ్లలోని వై-ఫై 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా నడుస్తుంది. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకూ ఉన్న ఈ సన్నటి వీధిలో తక్కువ శక్తి పరికరాలు లైసెన్సు లేకుండా తిరగొచ్చని మన ప్రభుత్వం 2005లో అనుమతించింది. ఎవరైనా రావచ్చన్నారు కదా అని అందరూ వచ్చేశారు... వై-ఫై, బ్లూటూత్, వైర్‌లెస్ మౌస్‌లు, చౌక కెమెరాలు. తెరమీద వీటిలో ఒక్కొక్కరిదీ ఒక్కో వేలిముద్ర.

వై-ఫై అయితే 20 మెగాహెర్ట్జ్ వెడల్పున, పైన చదునుగా ఉన్న గుట్టలా కనిపిస్తుంది. బ్లూటూత్ ఒకచోట నిలవదు. సెకనుకి 1600 సార్లు గెంతుతుంది కాబట్టి తెరంతా మిణుగురుల్లా మెరుస్తుంది. పాతరకం వైర్‌లెస్ కెమెరా ఒకేచోట గట్టిగా, ఒక్క క్షణం కూడా ఊపిరి తీసుకోకుండా నిలబడిపోతుంది. అన్నిటికన్నా మొండిది అదే. ఎందుకంటే వై-ఫై మర్యాదస్తురాలు. మాట్లాడేముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమోనని వింటుంది. గోల ఆగేదాకా ఆగుతుంది. కెమెరా ఎప్పటికీ ఆగదు. వై-ఫై అలా ఎదురుచూస్తూనే ఉండిపోతుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ కదలకపోవడానికి ఇదో కారణం. ఆ గీతలు మన రూటర్ గొంతు ఎంత గట్టిదో చెబుతాయి, చుట్టూ సంత ఎంత గోలగా ఉందో చెప్పవు.

ఇక మైక్రోవేవ్ ఓవెన్. అదీ 2450 మెగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. లోపల వెయ్యి వాట్ల వరకూ శక్తి ఉంటుంది. మన రూటర్ ప్రసారం చేసేది వాట్‌లో పదోవంతు. అంటే పదివేల రెట్లు తేడా. తలుపు సందుల్లోంచి బయటికొచ్చే ఆ కాస్తా మనిషికి హాని చేయనంత తక్కువే. భద్రతా ప్రమాణాలకు లోబడే ఉంటుంది. కానీ వై-ఫై చెవికి అది లౌడ్‌స్పీకరే. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ రకం ఓవెన్ మన 50 హెర్ట్జ్ కరెంటుతోపాటే ఊపిరి తీస్తుంది. సెకనులో వందోవంతు సేపు గోల, మరో వందోవంతు మౌనం. తెరమీద ఈ లయ చూడగానే అనుభవజ్ఞుడు 'ఎవరింట్లోనో అన్నం వేడి చేస్తున్నారు' అనేస్తాడు!

ఎలా వెతుకుతారు?

పరికరం ఆన్ చేయగానే దొంగ దొరకడు. దానికో పద్ధతి ఉంది. మొదటిది టైము రాసుకోవడం. ఎన్నింటికి పోతోంది, ఎంతసేపు, వారంలో ఏయే రోజులు అన్న వివరాలు రాసిపెట్టుకోవాలి. ఏడింటికే పోతుందని ఊరివాళ్లు గమనించబట్టే వేల్స్ ఇంజినీర్లు ఆరింటికి వీధిలో నిలబడగలిగారు. రెండోది, గోల లేనప్పుడు తెర ఎలా ఉందో ముందే చూసిపెట్టుకోవడం. ఇల్లు మామూలుగా ఎలా ఉంటుందో తెలిస్తేనే కొత్తగా వచ్చిందేదో తెలుస్తుంది. ఎప్పుడో ఓసారి మెరిసి మాయమయ్యేవాటి కోసం 'మ్యాక్స్ హోల్డ్' అనే మీట ఉంటుంది. ఒక్కసారి ఎగసినా ఆ గుర్తు తెరమీద చెరిగిపోకుండా ఉంటుంది. జరిగినదంతా కాలక్రమంలో జలపాతంలా కిందికి జారే బొమ్మగా చూపించే ఏర్పాటు కూడా ఉంటుంది.

మూడోది దిక్కు పట్టడం. ఒకవైపు నుంచే బాగా వినే యాంటెన్నా తగిలించి, నిలబడినచోటే మెల్లగా చుట్టూ తిరగాలి. ఎటు తిరిగితే కొండ ఎత్తుగా లేస్తే అటే దొంగ. ఆ యాంటెన్నా లేకపోయినా ఓ ఉపాయం ఉంది. పరికరాన్ని గుండెకి దగ్గరగా పట్టుకుని తిరగాలి. నీటితో నిండిన మన ఒళ్లే వెనకనుంచి వచ్చే తరంగాలకి గోడలా అడ్డుపడుతుంది. సంకేతం బాగా తగ్గినచోట ఆగితే, దొంగ మన వీపు వెనక ఉన్నట్టు. హామ్ రేడియో అభిరుచి ఉన్నవాళ్లు దాచిపెట్టిన ట్రాన్స్‌మిటర్‌ని ఇలాగే వెతికే పోటీలు పెట్టుకుంటారు. 'నక్క వేట' అని దానికి ముద్దుపేరు. మన హైదరాబాద్‌లో 1983లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ హామ్ రేడియో విద్యని ఎందరికో నేర్పింది.

నాలుగోది మరీ సులువు. ఇంటిదాకా వచ్చాక మెయిన్ బోర్డు దగ్గర నిలబడి ఒక్కో స్విచ్చూ కట్టేస్తూ తెర చూడటమే. ఏ స్విచ్చుతో కొండ కూలిందో ఆ గదిలోనే దొంగ ఉన్నాడు.

ఇందులో ఓ మోసం కూడా ఉంది. దగ్గర్లో సెల్ టవరో ఎఫ్ఎం ప్రసారమో ఉంటే ఆ బలానికి పరికరమే తికమకపడి లేని కొండల్ని చూపిస్తుంది. అందుకే నిపుణులు లోపలికొచ్చే సంకేతాన్ని పది డీబీ తగ్గించి చూస్తారు. నిజమైన కొండ సరిగ్గా పదే తగ్గుతుంది. అబద్ధపు కొండ అంతకంటే ఎక్కువ కూలిపోతుంది. తెరమీద కనిపించిందల్లా నమ్మి పక్కింటి తలుపు తట్టకూడదన్నమాట!

చుక్కల్లోంచి కాదు... వంటింట్లోంచి!

ఈ దొంగ శాస్త్రవేత్తల్నే ఏళ్లతరబడి ఏడిపించాడు. ఆస్ట్రేలియాలో పార్క్స్ దగ్గర 64 మీటర్ల వెడల్పున్న పెద్ద రేడియో టెలిస్కోప్ ఉంది. 1969లో చంద్రుడి మీద నడిచిన మనిషి బొమ్మల్ని ప్రపంచానికి అందించినవాటిలో అదీ ఒకటి. 1998 నుంచీ దానికి అప్పుడప్పుడూ అంతుచిక్కని సంకేతాలు తగిలేవి. వాటికి 'పెరిటాన్లు' అని పేరుపెట్టారు. చూడటానికి ఎక్కడో సుదూర విశ్వం నుంచి వచ్చినట్టుండేవి. చిత్రం ఏంటంటే అవి ఎక్కువగా ఆఫీసు వేళల్లోనే, అదీ మధ్యాహ్న భోజనాల సమయంలో వచ్చేవి!

దీంతో పెద్ద చిక్కొచ్చిపడింది. 2007లో అదే టెలిస్కోప్ సమాచారంలోంచి సుదూర విశ్వపు రేడియో మెరుపు ఒకటి బయటపడింది. పెరిటాన్లు భూమ్మీదివే అయితే ఆ మెరుపూ భూమ్మీదిదేనా? ఓ కొత్త శాస్త్రమే ప్రశ్నార్థకమైంది. 2014 చివర్లో అక్కడ చుట్టుపక్కల రేడియో గోలని కనిపెట్టే పరికరం బిగించారు. అంటే సదా కాపలా కాసే స్పెక్ట్రమ్ ఎనలైజర్ లాంటిదే. 2015 జనవరిలో మూడు పెరిటాన్లు వచ్చాయి. ఆ మూడుసార్లూ ఆ పరికరంలో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా గోల కనిపించింది. ఇంకేముంది... మైక్రోవేవ్ ఓవెన్!

ఓవెన్‌లో నీళ్ల కప్పు పెట్టి ప్రయోగం చేశారు. టైము పూర్తయ్యేదాకా ఆగితే ఏమీ లేదు. ఓపిక లేక మధ్యలోనే తలుపు తీస్తే మాత్రం ఆగిపోయే ఆ క్షణంలో ఓ మెరుపు బయటికి పొక్కుతోంది. ఎమిలీ పెట్రాఫ్ బృందం 2015లో ఈ సంగతి ప్రకటించింది. విశ్వపు మెరుపులు నిజమేననీ, పెరిటాన్లు మాత్రం వంటింటివనీ తేలింది. ఆకలేసినవాళ్ల తొందర ఖగోళశాస్త్రాన్నే తికమకపెట్టింది!

'రక్షించండి' అన్న టీవీ

నవ్వుకునే కథలే కాదు. 2004 అక్టోబరులో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం, కొర్వాలిస్ పట్టణంలో ఓ కాలేజీ కుర్రాడి ఇంటి తలుపు తట్టే సరికి ఎదురుగా పోలీసులూ, సహాయ బృందాలూ! అతని టీవీ 121.5 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగాలు వెదజల్లుతోంది. కూలిపోయిన విమానాలూ మునుగుతున్న పడవలూ 'ఆపదలో ఉన్నాం' అని చెప్పుకునే ఫ్రీక్వెన్సీ అది. ఆకాశంలో ఉపగ్రహం ఆ కేక విని కింద కబురు చేసింది. టీవీ మళ్లీ ఆన్ చేస్తే రోజుకి పదివేల డాలర్ల జరిమానా అన్నారట. తయారీదారు కొత్త టీవీ ఇస్తానన్నాడు. ఆ రాత్రి నిజంగానే ఓ విమానం ఎక్కడో కూలిపోయి ఉంటే? వెతకాల్సినవాళ్లు ఓ కుర్రాడి గదిముందు నిలబడి ఉండేవారు. ఉపగ్రహాలు ఆ ఫ్రీక్వెన్సీని వినడం 2009లో మానేశాయి. దాంట్లో వచ్చే తప్పుడు కేకలే అందుకు పెద్ద కారణం.

మన అపార్ట్‌మెంట్లలోనూ...

అలాంటి ప్రమాదం మనకి దూరమేం కాదు. సెల్లార్‌లోనో కింది అంతస్తులోనో ఫోన్ సిగ్నల్ రావడంలేదని చాలామంది మొబైల్ బూస్టర్లు బిగించుకుంటున్నారు. టెర్రస్‌మీద ఓ యాంటెన్నా, ఇంట్లో ఓ పెట్టె. పెళ్లిపందిట్లో మైకుని స్పీకర్ దగ్గరికి తెస్తే కుయ్యిమని కీచుపెడుతుందే... ఈ బూస్టర్ల యాంటెన్నాలు సరైన దూరంలో లేకపోతే సరిగ్గా అదే జరుగుతుంది. ఆ కీచు మన చెవికి వినపడదు, పక్కనున్న సెల్ టవర్‌కి వినపడుతుంది. ఫోన్లు పంపే బలహీనమైన సంకేతాలు అందులో మునిగిపోతాయి. ఒక ఫ్లాట్‌లో ఫోన్ బాగా పనిచేస్తుంది, చుట్టుపక్కల కాలనీల్లో మాత్రం కాల్స్ తెగిపోతాయి. ఆ కాలనీలో ఎవరో ఆ క్షణంలో 108కి ఫోన్ చేస్తుంటారేమో!

అందుకే అనుమతిలేని బూస్టర్లు పెట్టుకోవడం మనదేశంలో నేరం. అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరాలు ఉంచుకోకూడదని 1933లోనే చట్టం వచ్చింది. 2023లో తెచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టమూ అదే చెబుతోంది. కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ మానిటరింగ్ విభాగానికి హైదరాబాద్ సహా చాలా నగరాల్లో కేంద్రాలున్నాయి. ఫిర్యాదు అందితే ఆ సిబ్బంది దిక్కు పట్టే యాంటెన్నాలూ ఎనలైజర్లతో వీధుల్లో వెతికి, బూస్టర్లని గుర్తించి తీయిస్తారు. ఇంట్లో సిగ్నల్ అందకపోతే వై-ఫై కాలింగ్ పెట్టుకోవచ్చు. మొబైల్ కంపెనీకి ఫిర్యాదు చేయొచ్చు. ఆ రెండూ ఎవరినీ ఇబ్బంది పెట్టనివి.

ఇంట్లో మనమేం చేయొచ్చు?

నిపుణులు వాడే ఎనలైజర్ల ధర లక్షల్లో ఉంటుంది. అభిరుచి కోసం చేసే చిన్నవి ఇప్పుడు కొన్నివేల రూపాయలకే దొరుకుతున్నాయి. 2020లో వచ్చిన 'టైనీ ఎస్ఏ' అలాంటిదే. అరచేతిలో పట్టేస్తుంది. అయితే దాని మొదటి రకం 960 మెగాహెర్ట్జ్ వరకే చూస్తుంది, వై-ఫైని చూడలేదు. కొనేముందు ఎంతవరకూ చూస్తుందో అడగడం మర్చిపోవద్దు. అసలు అందరూ కొనాల్సిన పనీ లేదు.

పాత మీడియంవేవ్ రేడియో ఉంటే బయటికి తీయండి. స్టేషన్ లేనిచోట పెట్టి ఇల్లంతా తిరగండి. చౌకరకం ఎల్ఈడీ బల్బు దగ్గరో, చార్జర్ దగ్గరో గుర్రుమని గట్టిగా మోగితే అది గోల చేస్తున్నట్టే. రేడియోనీ బ్రాడ్‌బ్యాండ్ తీగల్నీ చెడగొట్టే గోలని ఇలా పట్టుకోవచ్చు. వై-ఫై ఫ్రీక్వెన్సీ మాత్రం దీనికి అందదు.

వై-ఫై విషయంలో, రూటర్‌ని ఓవెన్‌కీ ఫ్రిజ్‌కీ దూరంగా ఎత్తులో పెట్టండి. 2.4లో అయితే 1, 6, 11 ఛానెళ్లు ఒకదానిమీద ఒకటి పడవు. వాటిలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. మధ్యలో 3, 4 లాంటివి పెడితే రెండు పక్కలవాళ్లతోనూ పేచీయే. వీలైనవాటిని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, అక్కడ వీధి విశాలం. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ తగిలించినప్పుడే వైర్‌లెస్ మౌస్ మొరాయిస్తోందా? ఆ కేబుల్ కూడా 2.4 దగ్గర గోల చేస్తుంది. మౌస్ రిసీవర్‌ని కాస్త దూరం జరిపి చూడండి. టీవీలాంటి కదలని వస్తువులకి తీగ వేసేయడం అన్నిటికన్నా మేలు.

ఇవన్నీ చేసినా తీరకపోతే, ఎన్నింటికి పోతోందో ఓ వారంపాటు రాసి ఆ కాగితం టెక్నీషియన్ చేతిలో పెట్టండి. 'అప్పుడప్పుడూ పోతోందండీ' అనే మాటకంటే 'రోజూ రాత్రి 8.40కి, పది నిమిషాలు' అన్న మాటకి బలమెక్కువ.

ఒకవేళ దొంగ పక్కింట్లోనే దొరికితే? వేల్స్ కథ గుర్తుంచుకోండి. ఊరిని ఏడాదిన్నర ఇబ్బంది పెట్టిన ఆ ఇంటివాళ్లకి ఆ సంగతే తెలియదు. పార్క్స్‌లో భోజనం వేడిచేసుకున్నవాళ్లకీ తెలియదు. కొర్వాలిస్ కుర్రాడికీ తెలియదు. గాలి అందరిదీ. అందులో మన ఇల్లు ఎంత గోల చేస్తోందో మనకీ వినపడదు. కాబట్టి పోట్లాటకి కాదు, 'వదినగారూ, ఓసారి ఇది ఆపి చూద్దామా' అని అడగడానికి వెళ్లండి.

ఆ రోజుల్లో మిక్సీ ఆపమని నాన్న కేకేస్తే అమ్మ ఆపలేదూ... పాట అయ్యేదాకా!